పచ్చికట్టె ఎత్తిన ముహూర్తం

1990లో మిర్యాలగూడలో నేను కట్టించిన ఒక ఆడపిల్లల హాస్టల్ పైకప్పు, వేసిన ఏడాది వానాకాలం ముగియకముందే కుంగింది. కట్టెతో కడితే అంతేనని అందరూ అన్నారు. తప్పు కట్టెది కాదని నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. పైగా నిండు మీటింగులో కట్టె మీదనే నెట్టాను. ఈనాటికీ మా వైపు ఎవరైనా కలప కప్పు మాట ఎత్తితే, "మిర్యాలగూడ హాస్టల్ సంగతి తెల్వదా?" అని ఇంకొకరు ఆపుతారు. ఆ మాట పుట్టింది నా నోట్లోనే. అందుకే ఇది రాస్తున్నాను.

నేను డిప్లొమా సివిల్ చదివాను. 1984 నుంచి సూర్యాపేట బస్టాండు దగ్గర ఒక మేడమీది గదిలో ఆఫీసు పెట్టుకుని ఇళ్లకు, మిల్లులకు, గోదాములకు ప్లాన్లు గీసి, దగ్గరుండి కట్టిస్తున్నాను. ఆ రోజుల్లో మా పనంటే స్లాబే. పెంకుటిల్లు విప్పి స్లాబు వేయించుకున్నవాడు ఊళ్లో ఒక మెట్టు ఎక్కినట్టు. విప్పిన దూలాలు, వాసాలు ట్రాక్టరు ట్రాలీల్లో ఇటుక బట్టీలకు పోయేవి. తాతలనాటి చేవదేరిన కట్టె రెండు రోజుల్లో బూడిదయ్యేది. అట్లా ఎన్ని ఇళ్ల కట్టె నా చేతుల మీదుగా పోయిందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ ఏడు జనవరిలో సుగుణమ్మ మేడం నా ఆఫీసుకు వచ్చారు. బాటనీ లెక్చరర్‌గా చేసి అప్పుడే రిటైరయ్యారు. సొంతూరు వేములపల్లి. నిడమనూరు చుట్టుపక్కల తండాల నుంచి వచ్చి మిర్యాలగూడ హైస్కూల్లో చదివే ఆడపిల్లలకు ఉండడానికి చోటు లేదని, నలుగురిని కూడగట్టి కమిటీ చేశారు. రైస్‌మిల్లు ఉన్న ముత్తారెడ్డి గారు జాగా ఇచ్చి కమిటీకి పెద్దగా ఉన్నారు. గోడలు లేచాయి. ఇక పైకప్పు కావాలి.

"స్లాబు డ్రాయింగ్ నాలుగు రోజుల్ల ఇస్త మేడం," అన్నాను.

"స్లాబు కాదు శంకర్. నాతో ఒకసారి వేములపల్లి రా. చెట్లు చూపిస్త."

వెళ్లాను. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాక ఆ చుట్టూ అంతా వరే. రెండు పంటలకూ మళ్లల్లో నీరు నిలిచి, ఊట పట్టి, గట్ల మీద వాళ్ల నాన్న పెట్టిన వేపచెట్ల వేళ్లు కుళ్లుతున్నాయి. కొసలు ఎండిపోయాయి. కొట్టక తప్పదు. బట్టీ ఆయన అప్పటికే రెండుసార్లు వచ్చి అడిగి పోయాడట.

మేడం ఒక మాను మీద చెయ్యి వేసి అడిగారు. "ఈ చెట్టు బరువంత యాడికెల్లి వచ్చింది?"

"భూమిలకెల్లి. ఎరువు, నీళ్లు."

"అట్లయితే చుట్టూ గింత పెద్ద గుంత పడాలె గద. పడ్డదా?"

నేను చెట్టు మొదలు చుట్టూ చూశాను. నేల చదునుగానే ఉంది.

"గాలిలకెల్లి వచ్చింది. ఆకు గాలిలున్న బొగ్గుపులుసు వాయువును తీసుకొని, అండ్ల బొగ్గును ఆపుకొని కట్టె చేస్తది. ఎండిన కట్టెల సగం బరువు ఆ బొగ్గే. బట్టీల పెడితే ఒక్క పూటల మల్ల గాలిల కలుస్తది. పిల్లల మీద కప్పు చేస్తే, ఆ కప్పు ఉన్నన్ని రోజులు ఆడనే ఉంటది. నువ్వు వేసే సిమెంటు సంగతి వేరు. సున్నపురాయిని కాలుస్తరు, రాయిలకెల్లి ఆ గాలే వస్తది, బట్టీ మంటలకెల్లి కూడ అదే వస్తది. ఇట్లనే నింపుకుంట పోతే భూమి వేడెక్కుతదని ఇప్పుడు పేపర్లల్ల కూడ రాస్తున్నరు."

"నాలుగు వేపచెట్లతోని గాలి ఏం మారుతది మేడం?" నేను నవ్వాను.

"నాలుగు చెట్లతోని మారదు. ఒక్క కప్పు మంచిగ నిలబడితే పదిమంది చూస్తరు. చూసి, విప్పిన దూలాలు బట్టీకి పంపకుండ ఆగుతరు. నిన్ను అడిగేది అందుకు."

ఆమెకు కావలసింది అదే. పిల్లలకు నీడ, పదిమంది చూడడానికి ఒక కప్పు. ఆ మాట నాకు నచ్చింది. మనసుపెట్టి డ్రాయింగ్ గీశాను. వేపమాను పొట్టిది, వంకరది. పొడవు దూలం రాదు. అందుకని పొట్టి ముక్కలను త్రికోణాలుగా కూర్చి, కలిసిన చోట ఇనుప రేకులు పెట్టి బోల్టులు బిగించే ట్రస్సులు వేద్దామనుకున్నాను. ట్రస్ అంటే బరువును ముక్కముక్కకూ పంచుకునే చట్రం. పైన బెంగుళూరు పెంకులు.

కట్టె పనిలో అన్నిటికంటే ముఖ్యం సీజనింగ్. అంటే కట్టెలోని నీటిని మెల్లగా ఆరనివ్వడం. పచ్చికట్టె ఆరుతూ కుంచించుకుపోతుంది, మెలి తిరుగుతుంది, బరువెత్తితే వంగి అట్లాగే ఉండిపోతుంది. మా వైపు మానులను ముందు కాలువలోనో కుంటలోనో ముంచిపెడతారు. పసరు దిగిపోయి పురుగు పట్టదు. మంచి అలవాటే. కానీ దానితో ఒక పొరపాటు కూడా అలవాటైంది. కట్టె నానింది కదా, ఇక సిద్ధమైనట్టే అనుకుంటారు. నానబెట్టేది పురుగు కోసం. ఆరబెట్టడం వేరు. కోతమిల్లులో కోయించాక పొరకూ పొరకూ మధ్య సందు ఉండేటట్టు పట్టీలు పెట్టి, నీడలో కనీసం దసరా దాకా ఉంచాలి. ఇది నాకు తెలుసు.

కొట్టించి ముంచిన మానులను మార్చిలో కాలువలోంచి తీసి కోయించాం. వడ్రంగి సైదాచారి ముక్కలు పేర్చాడు. మే నెలాఖరుకు ముత్తారెడ్డి గారు పంతులును పిలిపించారు. జ్యేష్ఠం దాటితే ఆషాఢం, ఆషాఢంలోనే మూఢం కూడా పడుతుందని పంతులు చెప్పాడు. ఆ తర్వాత చాలా రోజులు మంచి లగ్నం లేదు. బడులు జూన్‌లో తెరుస్తారు.

"ఇగ ఆగుడు లేదు. జ్యేష్ఠంల దూలం ఎత్తాలె," అన్నారు ముత్తారెడ్డి గారు.

సైదాచారికీ తొందరే. దూలం ఎత్తిన నాడు వడ్రంగికి కొత్త బట్టలు, కోడి, కల్లు ఇవ్వడం ఆనవాయితీ. "మూఢం పోయేదాక ఆగితే నా కోడి ముసలిదైతది సారూ," అని నవ్వాడు. "నానిన కట్టె, కోసిన కట్టె, ఇంకేం గావాలె?"

నేను ఒక ముక్క నడుమ భాగం కోయించి, కిరాణా దుకాణంలో తూకం వేయించాను. నాలుగు రోజులు ఎండలో పెట్టి మళ్లీ తూచాను. బాగా తగ్గింది. మళ్లీ పెట్టి తూచాను. ఇంకా తగ్గింది. తూకం తగ్గుతూనే ఉందంటే లోపల నీరు ఉన్నట్టే. పైన గలగలలాడేటట్టు ఎండింది. లోపల పచ్చి.

ముహూర్తం నాకు సాకు మాత్రమే. ఆ నెలలోనే కోదాడలో ఒక పెద్ద లాడ్జి పని దొరికింది. దాని యజమాని వారంలో రెండుసార్లు మనిషిని పంపేవాడు. ఒకసారి తనే వచ్చాడు. "ఏవండీ ఇంజనీరు గారూ, ఆ పెంకుటింటి కోసం మా మూడంతస్తులు ఆపేస్తారా ఏంటి? మీరు రాకపోతే విజయవాడ నుంచి తెచ్చుకుంటానండీ," అన్నాడు. అంత పెద్ద పని నాకు మొదటిసారి. చేజారిపోతుందని భయపడ్డాను.

ముహూర్తానికి ముందురోజు మేడం వచ్చి, పేర్చిన కట్టె చుట్టూ తిరిగి అడిగారు. "శంకర్, ఎండిందా?"

"ఎండింది మేడం."

"నువ్వు చూసినవా?"

"చూసిన."

ఆమె సరేనని వెళ్లిపోయారు. మర్నాడు పసుపు, కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టి ఎత్తాం. అందరూ చప్పట్లు కొట్టారు. పెంకులు వేయించి నేను కోదాడ పోయాను.

కలప కప్పుకు ఇంకో నియమం ఉంది. కొత్తలో కట్టె ఎంత ఆరినా కొంత కుంచించుకుపోతుంది, బోల్టులు వదులవుతాయి. ఇంజనీరు నెలలో ఒకసారైనా వచ్చి బిగించాలి. మంచి కట్టెకే అట్లా అయితే పచ్చికట్టెకు ఎంత కావాలి! నేను ఒక్కసారి కూడా పోలేదు. వానలు వెనుకబట్టి ఎండలు కాసేసరికి కట్టె గబగబా ఆరింది. బోల్టు రంధ్రాలు సాగాయి, నడికప్పు గుర్రం వీపులాగా కుంగింది. ఒక పొద్దున పిల్లలు బడికి పోయిన తర్వాత ఒక వరుస పెంకులు జారి వాళ్లు పడుకునే చోట పడ్డాయి. బడి లేని రోజైతే ఏమయ్యేదో!

మీటింగు పెట్టారు. ముత్తారెడ్డి గారు, మేడం, తండాల తరఫున లచ్చు నాయక్, ఇంకో ఇద్దరు. లచ్చు నాయక్ కూతురు కమిలి ఆ హాస్టల్లోనే ఉండి పదో తరగతి చదువుతోంది.

మేడం నన్నే అడిగారు. "తప్పు యాడ జరిగిందో చెప్పు శంకర్. మనం సరిచేసుకుందాం."

సరిచేయగలిగేదే. కింద గుంజలు పోటు పెట్టి, పెంకులు దించి, కట్టె ఆరనిచ్చి, మళ్లీ బిగిస్తే నిలబడేది. ఆ మాట చెప్పాలంటే పచ్చికట్టె ఎత్తానని ముందు చెప్పాలి. కోదాడ దాకా పేరు పోతుంది.

"కట్టె లక్షణమే అంత మేడం," అన్నాను. "మనం ఎంత లెక్క కట్టినా కట్టెను నమ్మలేం. స్లాబైతే ఈ పరేషాన్ ఉండేది కాదు."

"నేను మొదటినుంచి చెప్తలేనా?" అన్నారు ముత్తారెడ్డి గారు. "మేడానికి పుస్తకాల పిచ్చి. చెట్టు బొగ్గు తింటదట, ఇంటిమీద కూసుంటదట! ఇగ సూడుండ్రి, కూసున్నది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వును నేను ఇప్పటికీ మరిచిపోలేదు. మేడం "కట్టె నాకు ఇచ్చెయ్యుండ్రి," అని మాత్రం అన్నారు. ట్రాలీలో వేములపల్లికి తీసుకుపోయి, ఒక షెడ్డులో పట్టీలు పెట్టి పేర్పించారు. హాస్టల్ ఆ ఏడంతా మూతపడింది. పిల్లలు తండాలకు తిరిగి పోయారు. మరుసటి వేసవికి స్లాబు వేశాం. డ్రాయింగ్ నాదే.

ఏడేళ్లు గడిచాయి. 1997లో ఒకరోజు మేడం మళ్లీ నా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు. మోకాళ్లు పట్టుకుని కూర్చున్నారు. హాస్టల్లో పిల్లలు పెరిగారు, వానొస్తే వరండాలో నిలబడి తింటున్నారు, అన్నం తినడానికి ఒక హాలు కావాలి. కట్టె పేర్చిన షెడ్డు పంపకాల్లో తమ్ముడి వాటాకు పోయింది, నెలాఖరుకు ఖాళీ చేయాలి.

"కమిటీ ఒప్పుకుంటే హాలైతది. లేకుంటే బట్టీకే. ఇగ పెట్టుకోను నాకు జాగ లేదు."

"మల్ల నన్నే ఎందుకు అడుగుతున్నరు మేడం?"

"కుంగిన కప్పు కట్టినోనికి కుంగకుండ కట్టుడు కూడ తెలుస్తది గద," అని నవ్వారు.

ఆ మాటలో కోపం లేదు. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. వేములపల్లి పోయి కట్టె చూశాను. గొడ్డలి వెనక్కి తిప్పి కొడితే కంచు మోగినట్టు మోగింది. కొన్ని ముక్కలు మెలి తిరిగి పనికిరాకుండా పోయాయి, ఎక్కువ భాగం తీర్చినట్టు ఉన్నాయి. ఆ చెట్లు గాలిలోంచి పట్టుకున్న బొగ్గు ఏడేళ్లుగా ఆ షెడ్డులో భద్రంగా ఉంది. ఇప్పుడు అది హాలు అవుతుందా, పొగ అవుతుందా అనేది నా ఒక్క మాట మీద ఉంది.

మీటింగు హాస్టల్ వరండాలోనే జరిగింది. ముత్తారెడ్డి గారు వినగానే చెయ్యి ఊపేశారు.

"మల్ల కట్టెనా? ఒకసారి పడ్డది సాలదా మేడం? ఇగో, ఇంజినీర్ సాబ్ ఈడనే ఉన్నడు. గప్పుడు ఏమన్నడు? కట్టెను నమ్మలేమన్నడు. అన్నవా లేదా శంకర్?"

"అన్న సార్."

"అయిపాయె."

"అది అబద్ధం సార్."

నేను ఆగితే మళ్లీ చెప్పలేనని తెలుసు. తూకం వేయించిన సంగతి, లోపల పచ్చిగా ఉందని తెలిసీ ఎత్తించిన సంగతి, కోదాడ పని సంగతి, ఒక్కసారి కూడా బోల్టులు చూడని సంగతి వరసగా చెప్పాను. సైదాచారి మీద, పంతులు మీద, మూఢం మీద నెట్టలేదు. "కట్టెది తప్పు లేదు. మేడం మాటల తప్పు లేదు. తప్పు నాది," అన్నాను.

ముత్తారెడ్డి గారు నన్ను కిందినుంచి పైకి చూశారు. "అంటే కట్టె ఎండేదాక ఆగి చెప్పినవన్నట్టు. గా ఆగుడేదో గప్పుడే ఆగుంటే అయిపోవు గదనయ్యా!"

లచ్చు నాయక్ నవ్వలేదు. "మా కమిలి ఆ ఏడు పది రాయకపాయె. తండల ఉండి కలుపుకు పోయింది. యాదికున్నదా సారూ?"

"ఉన్నది."

"మర్సటేడు రాసింది, పాసయింది. గది వేరు. పోయిన ఏడు పోయిందే."

ఆయన మిగతావాళ్లవైపు తిరిగాడు. "కట్టెది తప్పు లేకుంటే కట్టెనెందుకు కాలవెట్టుడు? కట్టుండ్రి. కని ఒక షరతు. బోల్టులు బిగియ్యనీకి ఈయనే రావాలె. మనిషిని పంపుడు గాదు, ఈయనే."

ముత్తారెడ్డి గారు అటూ ఇటూ చూసి, "సరే, మీ ఇష్టం. నా నెత్తిన పడకుంటె సాలు," అన్నారు. ఒప్పుకున్నట్టే. మేడం సంచి తీసుకుని, పిల్లలు అన్నాలు తిన్నారో లేదో చూడడానికి లోపలికి పోయారు.

హాలు లేచింది. సైదాచారే చేశాడు. "ఈసారి పంతులును అడిగేముందు కట్టెను అడుగుదాం," అని మేడం అంటే, ప్రతి ముక్కనూ ఆయన, నేనూ కలిసి తూచి, కొట్టి చూసి ఎక్కించాం. అవతల నిడమనూరులో ఒక రైతు పాతిల్లు విప్పుతూ, మా హాలు చూసిపోయి, దూలాలను బట్టీకి పంపకుండా కొత్త కొట్టానికి వేసుకున్నాడు. సూర్యాపేటలో ఇద్దరు అడిగారు. పదిమంది కాలేదు. ముగ్గురైనా అయ్యారు. విప్పిన ఇంటి కట్టెను నేను ఇప్పుడు బట్టీకి పంపనివ్వను. ఎక్కడో ఒకచోట మళ్లీ ఎక్కిస్తాను. నా వృత్తిలో ఈ కేసు నాకు నేర్పింది ఇదే. చెట్టు గాలిలోంచి తీసుకున్నదాన్ని ఇల్లు దాచిపెడుతుంది. కానీ ఇల్లు నిలబడితేనే దాస్తుంది. నిలబెట్టడమంటే ఆరేదాకా ఆగడం, ఎక్కించిన తర్వాత మళ్లీమళ్లీ పోయి చూసుకోవడం, తప్పు జరిగితే ఆ రోజే చెప్పడం. మొదటి రెండూ చదువులో ఉన్నాయి.

1998 వేసవిలో బోల్టులు బిగించడానికి పోయాను. పిల్లలు సెలవులకు పోయారు. హాలు ఖాళీగా, చల్లగా ఉంది. నేను నిచ్చెన ఎక్కి పానా తిప్పుతున్నాను. మేడం కింద నిచ్చెన పట్టుకున్నారు. వద్దన్నా వినలేదు. కప్పు అంగుళం కూడా కదలలేదు. ఆ సంతోషంలో ఏదో చెప్పబోయాను.

ఆమె ముందు మాట్లాడారు. "శంకర్, కమిటీకి చెప్పినవు. లచ్చు నాయక్‌కు చెప్పినవు. నాకు చెప్పలే."

పానా ఆగిపోయింది. నిజమే. మీటింగులో అంతా చెప్పాను గాని ఆమెవైపు తిరిగి చూడలేదు. తర్వాత ఏడాదంతా పని మాటలే మాట్లాడాను. "మేడం, నేను..." అని మొదలుపెట్టాను.

"పైనుంచి కాదు. దిగి చెప్పు."

దిగాను. చేతులకు నూనె, తుప్పు. తుడుచుకోవడానికి కూడా ఆగలేదు.

"మేడం, కట్టె ఎండిందా అని మీరు నన్ను అడిగిన్రు. ఎండలేదని తెలిసే ఎండిందన్న. మీరు నన్ను నమ్మిన్రు. మీ మాటకు నలుగురు నవ్విన నాడు, నేనూ నవ్విన. నాకు ఆ పచ్చికట్టె కంటే ఆ నవ్వే ఎక్కువ తప్పనిపిస్తది. నన్ను క్షమించుండ్రి."